ఇంట్లోనే లోహపు భాగాలను అద్దంలా మెరిపించడం: వాటర్ పేపర్ నుంచి బఫింగ్ దాకా

మసకబారిన అల్యూమినియం లివర్‌నో, నల్లబడిన ఇత్తడి గడియనో మెరిపించాలనుకున్నవాళ్లు మొట్టమొదట కొనేది పాలిష్ డబ్బా. గుడ్డకు పట్టించి అరగంట రుద్దుతారు. చిలుము వదులుతుంది, రంగు తేలుతుంది, కానీ అద్దంలా మాత్రం రాదు. ఇంకాస్త మంచి పాలిష్ కొంటారు, మళ్లీ అదే కథ. ఆ లోహం మీద ఉన్న గీతలు పాలిష్ తీయగలిగిన లోతును మించి ఉన్నాయి, అసలు సంగతి అది. వాటిని తీయాల్సింది వాటర్ పేపర్, అంటే నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితం. నన్నడిగితే ఈ పనిలో ముప్పాతిక వంతు నీళ్ల గిన్నె పక్కన కూర్చుని పేపరుతోనే అయిపోతుంది. తిరిగే గుడ్డ చక్రంతో మెరుగు పెట్టే బఫింగ్ చేసేది మిగిలిన పావు వంతే.

నున్నటి లోహం మీద పడిన వెలుతురు చెదరకుండా ఒకే దిక్కుకు తిరిగొస్తుంది, అందుకే అందులో ముఖం కనిపిస్తుంది. గీతలుంటే ఆ వెలుతురు తలో దిక్కుకు పోతుంది, మనకు మసకగా కనిపిస్తుంది. 1704లోనే న్యూటన్ గాజు మెరుగు గురించి రాస్తూ, ఎంత మెత్తటి పొడితో రుద్దినా జరిగేది గీయడమేననీ, ఆ గీతలు కంటికి ఆననంత సన్నబడినప్పుడు దాన్నే మనం మెరుపు అంటున్నామనీ తేల్చి చెప్పాడు. లోహం పనిలో పైనుంచి కిందిదాకా ఈ మాట పనికొస్తుంది. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వాటర్ పేపర్ నంబరు పెరిగేకొద్దీ దాని మీది రేణువు సన్నబడుతుంది, అయినా పి2000 పేపర్ మీది రేణువు సగటున 10 మైక్రాన్లుంటుంది. అందుకే ఆ పేపర్ దాకా వెళ్లినా ఇంకా పల్చటి పొగ పట్టినట్టే ఉంటుంది. దాన్ని తీయడానికే బఫింగ్ సబ్బులూ పాలిష్ పేస్టులూ.

ముందు ఏ లోహమో తేల్చుకోండి

ఒక అయస్కాంతం, ఒక చిన్న ఆకురాయి దగ్గర పెట్టుకోండి. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే అది మామూలు ఉక్కు, పోత ఇనుము, లేదా 430 రకం స్టెయిన్‌లెస్ స్టీల్. బరువుగా ఉండి, తుప్పు లేకుండా, అయస్కాంతానికి అంటీ అంటనట్టు ఉంటే చాలావరకు 304 రకం స్టెయిన్‌లెస్ అయ్యుంటుంది. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిసిన రకం అది. చూస్తే బరువుంటుందనిపించి, చేతిలోకి తీసుకోగానే తేలిపోతే అల్యూమినియం. ఇత్తడి, రాగి రంగు బట్టే తెలుస్తాయి.

అయితే పైకి కనిపించే రంగుని అంత తేలిగ్గా నమ్మకండి. బిగించాక కనిపించని చోట, వెనకవైపునో బోల్టు తల కింద దాగే చోటనో, ఆకురాయితో ఒక్క గీత గీయండి. లోపల వేరే రంగు కనిపిస్తే అది పూత. తెల్లగా మెరిసే చాలా సామానుకి పైన క్రోమ్, దాని కింద నికెల్, ఆ కింద ఉక్కో జింకో ఉంటాయి. అలంకారం కోసం వేసే క్రోమ్ పొర సాధారణంగా ఒక మైక్రాన్ కూడా ఉండదు. పేపర్ రెండుసార్లు తగిలితే చాలు, అది పోయి కింద పసుపు ఛాయలో నికెల్ బయటపడుతుంది. దాన్ని ఇంట్లో తిరిగి రప్పించలేం. క్రోమ్ సామానుకి మెత్తటి గుడ్డ, క్రోమ్ కోసమే అని రాసి ఉన్న పాలిష్, అంతవరకే.

అల్యూమినియానికి ఇంకో సంగతి ఉంది. చాలా భాగాలకు ఫ్యాక్టరీలోనే ఆనోడైజింగ్ చేసి వస్తుంది. అంటే అల్యూమినియం ఆక్సైడ్ పొరను కావాలని మందంగా పెంచుతారు. అది లోహం కంటే చాలా గట్టిది. బఫ్ చక్రం దాని మీద ఎంతసేపు తిప్పినా ఫలితం ఉండదు. ఇది తెలియకే చాలామంది విసిగిపోయి పని వదిలేస్తారు. గుర్తుపట్టడానికి మంచి ఉపాయం మల్టీమీటర్. విద్యుత్తు పారుతుందో లేదో చూసే కంటిన్యుటీ సెట్టింగ్‌లో పెట్టి రెండు కొనలనూ ఉపరితలానికి తేలిగ్గా ఆనించండి. ఉత్త లోహమైతే బీప్ వస్తుంది. ఆనోడైజింగ్ గానీ లక్క లాంటి పారదర్శక పూత గానీ ఉంటే మీటర్ పలకదు, ఎందుకంటే ఆ పొరలు విద్యుత్తును పోనివ్వవు. ఇత్తడి పిడుల మీద ఉండే లాకర్ అనే కనిపించని పూతని కూడా ఇలాగే పట్టుకోవచ్చు.

వీటిని మాత్రం ముట్టుకోవద్దు

పసుపు మీద ఇంద్రధనస్సు రంగులు తేలుతున్న బోల్టులు, క్లిప్పులు కనిపిస్తాయి. వాటి మీద ఉండేది కాడ్మియం కావచ్చు, క్రోమేట్ పట్టించిన జింకు కావచ్చు. రెండింటి ధూళీ మంచిది కాదు, రుద్దకండి. అల్యూమినియం కంటే కూడా తేలిగ్గా ఉన్న భాగం దొరికితే దాచి ఉన్న చోట కాస్త గీకి ఒక చుక్క వెనిగర్ వేసి చూడండి. నురగ పొంగితే అది మెగ్నీషియం. దాని పొడి భయంకరంగా అంటుకుంటుంది, నీళ్లు పోస్తే మంట ఇంకా పెరుగుతుంది. స్పార్క్ రాని పనిముట్లలో, కొన్ని స్ప్రింగుల్లో వాడే బెరిలియం కలిసిన రాగి కూడా వద్దు, ఆ ధూళి ఊపిరితిత్తులకు శాశ్వతంగా హాని చేస్తుంది. పాత పెయింటుంటే అందులో సీసం ఉండొచ్చు కాబట్టి దాన్ని పొడిగా గీకకండి.

మామూలు లోహమే అయినా కొన్ని చోట్లు అలాగే ఉండాలి. బేరింగ్ కూర్చునే చోటు, గాస్కెట్ ఆనే ముఖం, మరలు, షాఫ్ట్ దూరే రంధ్రం, బ్రేక్ ప్యాడ్ రుద్దుకునే ముఖం, ఇవన్నీ కొలత ప్రకారం తయారైనవి. అక్కడ పది మైక్రాన్లు పోయినా తేడా వస్తుంది. మందపాటి టేపు రెండు పొరలు వేసి మూసేయండి.

విప్పడం, కడగడం, పూత తీయడం

భాగాన్ని యంత్రం నుంచి విప్పి తీయండి. ఈ ఒక్క విషయంలో బద్ధకించకండి. పేపర్ నుంచి రాలే రేణువులు సిలికాన్ కార్బైడ్, చాలా గట్టివి. ఇంజిన్‌లోకో బేరింగ్‌లోకో దూరితే పాలిష్ చేసిన ఆనందం కొద్దిరోజుల్లోనే ఆవిరవుతుంది. విప్పేముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి.

జిడ్డు వదిలించడానికి గిన్నెలు తోమే ద్రవం, వేడినీళ్లు, పాత టూత్ బ్రష్ చాలు. గ్రీజు గట్టిగా పట్టి ఉంటే ముందు కిరోసిన్‌తో తుడవండి. పూర్తిగా పోయిందో లేదో నీళ్లే చెబుతాయి. భాగాన్ని నీళ్లలో ముంచి ఎత్తినప్పుడు నీరు పల్చటి పొరలా అంతటా పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్టు. ఎక్కడైనా బొట్లు బొట్లుగా విడిపోతే అక్కడ ఇంకా జిడ్డుంది.

ఇత్తడి మీది లాకర్‌ని అసిటోన్‌లో తడిపిన దూదితో తీయొచ్చు. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకోండి. ఉక్కు తుప్పుకి వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు గానీ బాగా పనిచేస్తాయి. ఒక రాత్రి నాననిచ్చి, బ్రష్‌తో రుద్ది, బాగా కడిగి, వెంటనే ఆరబెట్టండి. తడి ఉక్కు నిమిషాల్లో మళ్లీ ఎర్రబడుతుంది. ఇదే పని ఇత్తడికి చేస్తే పైపైన జింకు కరిగి రాగి మిగిలి, గులాబీ రంగు తిరుగుతుంది. కాబట్టి ఇత్తడిని యాసిడ్‌లో నానబెట్టకండి. హైడ్రోక్లోరిక్ యాసిడ్ అసలు ఇంట్లోకే తేవద్దు. దాని ఆవిరికి గదిలో ఉన్న పనిముట్లన్నీ తుప్పు పడతాయి. ఏ యాసిడ్‌నీ బ్లీచింగ్ ద్రవంతో కలవనీయకండి, విషవాయువు వస్తుంది.

ఆనోడైజింగ్ తీయడానికి కాస్టిక్ సోడా వాడతారు. పని త్వరగా అవుతుంది గానీ, దీనికి జాగ్రత్త చాలా కావాలి. ఆరుబయట, ప్లాస్టిక్ గిన్నెలో, కళ్లజోడూ పొడవాటి రబ్బరు గ్లవ్స్ వేసుకుని చేయాలి. నీళ్లలో సోడా కొంచెం కొంచెంగా వేయాలి, సోడా మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. అల్యూమినియం వేయగానే బుడగలు వస్తాయి. అది హైడ్రోజన్, అంటుకునే వాయువు. పొర పోయాక సోడా అసలు లోహాన్నీ తినేస్తుంది కాబట్టి అక్కడే నిలబడి చూస్తూ, రంగు పోగానే తీసి బాగా కడగాలి. పైన నల్లటి మసి మిగిలితే కంగారు పడొద్దు, పేపర్‌కి పోతుంది. పిల్లలు తిరిగే ఇల్లయితే సోడా జోలికి పోకుండా పి320 పేపర్‌తోనే ఆ పొరను తీసేయమంటాను. ఓపిక కావాలి, ప్రమాదం ఉండదు.

అసలు పని: వాటర్ పేపర్

కొనేటప్పుడు వెనకవైపు నంబరు ముందు 'పి' అక్షరం ఉందో లేదో చూడండి. నంబర్లకు రెండు పద్ధతులున్నాయి. 'పి' లేని అమెరికా పద్ధతి 600, 'పి' ఉన్న 1200కి దగ్గరగా ఉంటుంది. రెండూ కలిపేస్తే వరస తప్పి, ఎక్కడ గీతలు మిగిలాయో అర్థం కాదు. అన్నీ ఒకే పద్ధతివి తీసుకోండి.

నేను సూచించే వరస: పి220, పి400, పి600, పి1000, పి1500, పి2000. సగటు రేణువు చూస్తే 68 మైక్రాన్లతో మొదలై 35, 26, 18, 13, చివరికి 10కి దిగుతుంది. ఏ మెట్టులోనూ రేణువు సగానికంటే మరీ తగ్గదు. అందుకే ప్రతి పేపరూ తన ముందుదాని గీతలను తేలిగ్గా తీయగలుగుతుంది. పి220 నుంచి నేరుగా పి1000కి దూకితే రెండు పేపర్లు మిగిలాయనిపిస్తుంది, కానీ ఆ లోతు గీతలను తీయడానికి పి1000 మీద గంటలు పోతాయి.

అందరూ పి220తోనే మొదలుపెట్టనక్కర్లేదు. ఒక మూల పి600తో కాస్త రుద్ది చూడండి. పాత గీతలు, గుంటలు పోతుంటే అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. పోకపోతే ఒక మెట్టు ముతకకు వెళ్లండి. గోరుకి తగిలే గీత ఉంటేనే పి220. పోత పోసిన గరుకుతనం ఉంటే ముందు ఆకురాయి పట్టాలి. ఇక్కడ ఒక హెచ్చరిక: అచ్చులో ఒత్తి పోసిన అల్యూమినియానికి పై పొర దట్టంగా ఉంటుంది, లోపల సన్నటి గాలి రంధ్రాలుంటాయి. ఎక్కువ లోతుకి వెళ్తే అవి చుక్కలుగా బయటపడతాయి, వాటికి అంతం ఉండదు. అవసరమైనంతే తీయండి.

పేపర్‌ని పది నిమిషాలు నీళ్లలో నాననివ్వండి, వంచితే విరగదు. గిన్నెలో నీళ్లు, రెండు చుక్కల సబ్బు ద్రవం. సబ్బు వల్ల రాలిన లోహం పేపర్‌కి అంటుకుపోకుండా జారిపోతుంది. చదునైన ముఖానికి పేపర్‌ని చెక్కముక్కకో గట్టి రబ్బరుకో చుట్టండి. వేళ్లతో నేరుగా రుద్దితే వేలు పడిన చోట లోతై అలలు వస్తాయి. ఇప్పుడు కనిపించవు, అద్దంలా మెరిశాక స్పష్టంగా కనిపిస్తాయి. వంపులకు మెత్తటి ఫోమ్ ముక్క, రంధ్రాలకు గుండ్రటి పుల్లకు చుట్టిన పేపర్. అంచుల మీద చెయ్యి తేలిగ్గా పోనివ్వండి, పదునైన అంచు ఒకసారి గుండ్రబడితే ఆ భాగం అందమే పోతుంది.

ఇప్పుడు ఈ పనికి కీలకమైన అలవాటు. పి400తో నిలువుగా మాత్రమే రుద్దారనుకోండి. కడిగి తుడిచి, ఒకే ఒక్క దీపం కింద పక్కకు వంచి చూడండి. ఉపరితలమంతా సన్నటి నిలువు గీతలు వరసగా కనిపిస్తాయి. ఇప్పుడు పి600 తీసుకుని అడ్డంగా మాత్రమే రుద్దండి. కాసేపయ్యాక మళ్లీ దీపం కింద వంచితే అడ్డగీతల మధ్య అక్కడక్కడ నిలువు గీతలు మెరుస్తుంటాయి. అవి పి400 వదిలివెళ్లినవి. ఒక్కటి కూడా కనిపించకుండా పోయేదాకా ఆపకండి. పోయాక ఇంకా అంతసేపు రుద్దండి, ఎందుకంటే ప్రతి గీత కిందా నలిగిన లోహపు పొర ఒకటి ఉంటుంది. అదీ పోవాలి. తర్వాత పి1000 మళ్లీ నిలువుగా. ఇలా దిక్కు మారుస్తూ పోతే ఏ గీత ఏ పేపర్‌దో ఎప్పుడూ సందేహం రాదు. గుండ్రంగా తిప్పుతూ రుద్దేవాళ్లకు ఈ సౌకర్యం ఉండదు.

పేపర్ మారిన ప్రతిసారీ భాగాన్నీ, చెక్కముక్కనూ, చేతులనూ కడిగి, గిన్నెలో నీళ్లు మార్చండి. పి400 రేణువు ఒక్కటి పి1500 కింద ఇరుక్కుంటే ఒక్క తోపుతో పొడవాటి గీత పడుతుంది, మళ్లీ రెండు మెట్లు వెనక్కి పోవాలి. అరచేతంత అల్యూమినియం ముక్కకు ఈ మొత్తానికి ఒక సాయంత్రం పడుతుంది. స్టెయిన్‌లెస్‌కి ఇంకా ఎక్కువ.

ఎక్కడ ఆపాలి? బఫింగ్ యంత్రం ఉంటే అల్యూమినియం, ఇత్తడి, రాగి పి800 లేదా పి1000 దగ్గర ఆపొచ్చు, అవి మెత్తటివి కాబట్టి మిగతాది చక్రం చూసుకుంటుంది. స్టెయిన్‌లెస్‌ని పి1500 దాకా తీసుకెళ్లండి. యంత్రం లేకపోతే ఏదైనా సరే పి2000 దాకా వెళ్లాల్సిందే, పి3000 దొరికితే ఇంకా మంచిది.

స్టీల్ పీచుని అల్యూమినియం మీదా స్టెయిన్‌లెస్ మీదా వాడొద్దు. ఇనుప నలుసులు లోహంలో గుచ్చుకుని, కొన్నాళ్లకు తుప్పు చుక్కలుగా తేలతాయి. స్టెయిన్‌లెస్‌కి తుప్పేమిటని ఆశ్చర్యపోయేవాళ్లకు చాలాసార్లు సమాధానం ఇదే.

బఫింగ్: యంత్రం, చక్రం, సబ్బు

బఫ్ చక్రం అంటే గుడ్డ పొరలను గుండ్రంగా కత్తిరించి ఒకచోట కుట్టింది. వలయాలు వలయాలుగా దగ్గరగా కుట్లున్నది గట్టిగా ఉండి గీతలను కోస్తుంది. మధ్యలో ఒక్క వరస కుట్టు మాత్రమే ఉన్నది వదులుగా, మెత్తగా ఉండి చివరి మెరుపునిస్తుంది. కనీసం ఈ రెండూ కావాలి. చక్రానికి పట్టించేది సబ్బు బిళ్లలా ఉండే పాలిష్ దిమ్మ. మైనం, కొవ్వులో రాపిడి పొడి కలిపి పోసినది. గోధుమరంగు ట్రిపోలి అల్యూమినియం, ఇత్తడి, రాగిని కోయడానికి. తెల్లది చాలావరకు అల్యూమినియం ఆక్సైడ్, ట్రిపోలి తర్వాత మెరుపుకి. ఆకుపచ్చది క్రోమియం ఆక్సైడ్, స్టెయిన్‌లెస్‌కి బాగా నప్పుతుంది. ఎర్రటి రూజ్ ఐరన్ ఆక్సైడ్, బంగారం, వెండి, ఇత్తడికి ఆఖరి మెరుగు. నల్లటి ఎమరీ ఉక్కుకీ స్టెయిన్‌లెస్‌కీ మొదటి కోత. తయారీదారుని బట్టి రంగులు మారతాయి కాబట్టి లేబుల్ చదివి కొనండి. ఒక చక్రానికి ఒకే సబ్బు. ట్రిపోలి తగిలిన చక్రానికి తర్వాత తెల్లది పట్టిస్తే దాని మెత్తదనం వృథా. చక్రం మీద మార్కర్‌తో పేరు రాసి విడివిడి సంచుల్లో పెట్టుకోండి.

యంత్రంగా బెంచ్ గ్రైండర్ మోటారుకి బఫ్ స్పిండిల్ బిగిస్తే చాలు. చిన్న భాగాలకు బెంచీకి కదలకుండా బిగించిన డ్రిల్లు కూడా పనిచేస్తుంది. యాంగిల్ గ్రైండర్‌కి గుడ్డ చక్రం బిగించకండి. అది నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరుగుతుంది, ఆ వేగానికి తయారుకాని చక్రం చిరిగిపోతుంది. ప్రతి చక్రం మీదా గరిష్ఠ వేగం రాసి ఉంటుంది, మోటారు వేగం దానికి లోబడి ఉండాలి.

బఫింగ్ ప్రమాదాన్ని చాలామంది తక్కువ అంచనా వేస్తారు, గుడ్డే కదా అని. 150 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు 22 మీటర్లు, అంటే గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగంతో పోతోంది. చేతిలోని భాగం అంచు దానికి అడ్డంగా తగిలితే కన్ను మూసి తెరిచేలోగా లాగి విసిరేస్తుంది. అందుకే ఒక నియమం: చక్రం ఎప్పుడూ ముఖం మీద నుంచి అంచు వైపు జారిపోవాలి, అంచుకి ఎదురు రాకూడదు. మీ ముందు చక్రం పైనుంచి కిందికి తిరుగుతుంటుంది. భాగాన్ని చక్రం నడిమి ఎత్తు కంటే కాస్త కింద ఆనించండి. ముందు కింది సగం పాలిష్ చేసి, తర్వాత భాగాన్ని తలకిందులు చేసి మిగతా సగం పట్టండి. పై అంచుని ఎప్పుడూ చక్రానికి ఇవ్వకండి. గొలుసులు, తీగలు, పల్చటి రేకులు చేత్తో పట్టుకుని చక్రానికి ఆనించవద్దు. రేకునైతే చెక్కపలకకు బిగించి చేయండి.

వదులు చొక్కా, చున్నీ, ఉంగరం, మెడలో గొలుసు, విరబోసిన జుట్టు, ఏదీ ఉండకూడదు. వదులు గ్లవ్స్ కూడా వద్దు, వేలితో సహా లాగేస్తాయి. కళ్లజోడు, దుమ్ము వడపోసే ఎన్95 మాస్కు తప్పనిసరి. ట్రిపోలిలో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే తిరిగి బయటికి రాదు. అల్యూమినియం ధూళి విషయంలో మరీ జాగ్రత్త. ఐరన్ ఆక్సైడ్‌తో కలిసిన అల్యూమినియం పొడిని థర్మైట్ అంటారు, రైలు పట్టాలను అతికేది దాంతోనే. ఇనుము గ్రైండింగ్ చేసిన చోటే అల్యూమినియం బఫింగ్ చేసి, ఆ దుమ్ము మీద మళ్లీ నిప్పురవ్వలు పడనిస్తే ముప్పే. పని అయ్యాక తడి గుడ్డతో తుడిచేయండి, మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చకండి. ఒకవేళ అంటుకుంటే పొడి ఇసుక వేయాలి, నీళ్లు కాదు.

ఇక చేసే తీరు. యంత్రం ఆన్ చేసి, పక్కకు నిలబడి ఒక నిమిషం తిరగనివ్వండి. సబ్బు దిమ్మని చక్రానికి ఒకటి రెండు సెకన్లు ఆనించండి, చాలు. భాగాన్ని ఓ మోస్తరు ఒత్తిడితో, చక్రం తిరిగే దిక్కుకి ఎదురుగా కదిలించండి. ఇది కోసే కదలిక. కొంచెంసేపటికి నల్లటి జిడ్డు వస్తుంది, అది లోహం కోసుకుంటోందనడానికి గుర్తు. గీతలు పోయాక ఒత్తిడి తగ్గించి, చక్రం పోయే దిక్కుకే మెల్లగా లాగండి. మెరుపు తేలేది ఈ కదలికలోనే. ఒకేచోట నిలపకండి. లోహం చేతికి కాలుతుంటే పక్కన పెట్టి చల్లారనివ్వండి. స్టెయిన్‌లెస్ వేడిని త్వరగా పంచదు, ఒకేచోట వేడెక్కి పసుపు, నీలం రంగులు తిరుగుతుంది.

సబ్బు మార్చే ముందు భాగాన్ని వేడి సబ్బునీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దుతూ ఆరబెట్టాలి. ఆ తర్వాతే వదులు చక్రం, తెల్ల సబ్బు, తేలిక చెయ్యి.

యంత్రం లేకుండా

పి2000 లేదా పి3000 దాకా తెచ్చిన అల్యూమినియం, ఇత్తడి చేత్తోనే చక్కగా మెరుస్తాయి. ఆటోసోల్ లాంటి పేస్టు గానీ బ్రాసో లాంటి ద్రవం గానీ పాత బనీను గుడ్డకు కొద్దిగా పట్టించి, చిన్న చిన్న భాగాలుగా రుద్దండి. గుడ్డ నల్లబడితే పని జరుగుతున్నట్టే. ఆ నల్లటిది ఎండిపోకముందే ఇంకో శుభ్రమైన గుడ్డతో తుడిచి, మళ్లీ పట్టించండి. మూడు నాలుగు విడతలకు తేడా తెలుస్తుంది. స్టెయిన్‌లెస్‌ని చేత్తో పూర్తి అద్దంలా తేవడం మాత్రం భుజాలకు పెద్ద పరీక్ష. కావాలంటే డైమండ్ పేస్టు వాడండి, 6 మైక్రాన్లు, తర్వాత 3, తర్వాత 1.

ఏదో తేడాగా ఉందంటే

మెరుస్తోంది గానీ లోపల పొడవాటి గీతలు కనిపిస్తున్నాయంటే పేపర్ మెట్టు ఒకటి సగంలో వదిలేశారు. బఫ్ మీద ఇంకా ఒత్తడం వల్ల అవి పోవు, అంచులు మాత్రం గుండ్రబడతాయి. పి600కో పి1000కో వెనక్కి వెళ్లండి. కష్టమనిపిస్తుంది గానీ దగ్గరి దారి అదే.

నల్లటి మరకలు అంటుకుపోతుంటే సబ్బు ఎక్కువైంది. చక్రాన్ని తిప్పుతూ, చెక్కకు బిగించిన పాత హ్యాక్సా బ్లేడు పళ్లతో మెల్లగా గీకితే గట్టిపడిన సబ్బు రాలి గుడ్డ మళ్లీ విచ్చుకుంటుంది. భాగం మీది మరకలు వేడి సబ్బునీళ్లకు, మొండివైతే కిరోసిన్ తడిపిన గుడ్డకు పోతాయి. చిన్న గుంటల వెనక తోకలు లాగినట్టు గీతలు వస్తుంటే, చక్రం ఒకే దిక్కున పోతూ గుంట అంచుని అరగదీస్తోందన్నమాట. భాగాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ దిక్కు మార్చండి. ఉపరితలం నారింజ తొక్కలా ఎగుడుదిగుడైతే మెత్తటి చక్రం మీద మరీ ఎక్కువసేపు ఉంచారు. దీనికి మందు మళ్లీ పేపరే, చెక్కముక్కకు చుట్టి.

మెరుపు నిలవాలంటే

పాలిష్ అయిన వెంటనే చేతి చెమట తగలనివ్వకండి. ఇత్తడి, రాగి మీద వేలిముద్రలు రెండు మూడు రోజుల్లో నల్లటి అచ్చులుగా తేలతాయి. నూలు గ్లవ్స్ వేసుకుని, అసిటోన్‌తో ఒకసారి తుడిచి, పల్చగా మైక్రోక్రిస్టలైన్ మైనం గానీ కార్నౌబా ఉన్న కారు మైనం గానీ పట్టించి, ఆరాక మెత్తటి గుడ్డతో మెరుగు పెట్టండి.

పారదర్శక లాకర్ స్ప్రే గురించి చాలామంది అడుగుతారు. ఇంట్లో అలమరలో ఉండే ఇత్తడి వస్తువుకి సరే. ఎండలో, వానలో తిరిగే భాగానికి నేను వద్దనే అంటాను. అద్దంలాంటి నునుపు మీద లాకర్‌కి పట్టు దొరకదు, ఎక్కడో ఒకచోట లేస్తుంది. దాని కిందికి తేమ దూరి మచ్చలు పడితే, మొత్తం లాకర్ తీసి మళ్లీ మొదటి నుంచి చేయాలి. మైనమైతే పాతది తుడిచి కొత్తది రాస్తే సరిపోతుంది.

మామూలు ఉక్కుకి మైనంతో పాటు కాపలా కూడా కావాలి. తేమ ఉండే రోజుల్లో వారానికోసారి నూనె గుడ్డతో తుడవండి. స్టెయిన్‌లెస్‌కి గాలి తగలగానే క్రోమియం ఆక్సైడ్ పొర దానంతటదే ఏర్పడుతుంది, శుభ్రంగా కడిగి తుడిస్తే చాలు. అల్యూమినియం నెలల తరబడి నిలుస్తుంది, తర్వాత మెల్లగా పాలిపోతుంది. అప్పుడు పేపర్ అక్కర్లేదు. పేస్టు, గుడ్డ, పావుగంట పని, పైన మళ్లీ మైనం. తిరిగి బిగించేటప్పుడు బోల్టు తల కింద పల్చటి నైలాన్ వాషర్ వేస్తే కొత్త గీతలు పడవు. గట్టిగా బిగించాల్సిన బోల్టుల కింద, బరువు మోసే చోట మాత్రం అది వద్దు. అక్కడ అసలు వాషరే వేసి, స్పానర్ జారినా గీత పడకుండా చుట్టూ టేపు అంటించి బిగించండి.